నీ చేతిలో ఉన్నదేమిటి?
(డిగ్రీ పూర్తి చేస్తున్న యువతకు జుమా ప్రసంగం)

మొదటి ఖుత్బా

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. మనం ఆయననే స్తుతిస్తున్నాము, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము, మన పాపాల మన్నింపు కొరకు ఆయననే వేడుకొంటున్నాము. అల్లాహ్ తప్ప ఆరాధనకు అర్హుడెవడూ లేడని, ముహమ్మద్ (స) ఆయన దాసుడు, ప్రవక్త అని సాక్ష్యమిస్తున్నాము. ఆయనపై, ఆయన కుటుంబంపై, సహచరులందరిపై అల్లాహ్ శాంతి శుభాలు కురిపించుగాక!

అమ్మాబాద్! పెద్దలారా, సోదరులారా, విద్యార్థులారా!

దివ్య ఖుర్ఆన్ సూరా తాహా 17, 18 ఆయతులలో ఒక సంభాషణ ఉన్నది. హజ్రత్ మూసా (అ) తన కుటుంబంతో మద్‌యన్ నుండి తిరిగి వస్తూ, తూర్ కొండ వైపున మంట కనిపించగా అక్కడికి వెళ్ళారు. అక్కడ అల్లాహ్ ఆయనతో మాట్లాడాడు. కుడిచేతిలో ఉన్నది ఏమిటని ఆయనను అడిగాడు. అది ఏమిటో అల్లాహ్‌కు తెలియదా? నింగిలో, నేలపై దాగి ఉన్నదేదీ ఆయనకు దాగి లేదు. అయినా అడిగాడు. మూసా (అ) అది తన చేతికర్ర అని చెప్పి ఊరుకోలేదు. దానిపై ఆనుకొంటానని, దానితో తన గొర్రెల కోసం ఆకులు రాలుస్తానని, అది ఇంకా ఎన్నో పనులకు ఉపయోగపడుతుందని వివరించారు. ఆ తరువాతనే ఆ కర్రను పడవేయమని ఆజ్ఞ వచ్చింది. గొర్రెల వెంట నడిచిన కర్రే ఫిరౌన్ దర్బారులో అల్లాహ్ నిదర్శనంగా నిలిచింది.

ఈ ప్రశ్నలో ఎన్నో వివేకాలున్నాయని ముఫస్సిర్లు వ్రాశారు. ఈనాడు మనం గ్రహించవలసిన పాఠం ఒకటున్నది. అల్లాహ్ ఒక దాసుణ్ణి ముందుదారికి నడిపించే ముందు, అంతవరకు అతని చేతిలో ఉన్నదానిని అతని చేతనే చూపించాడు, చెప్పించాడు. ముందుకు అడుగువేసే ముందు చేతిలోకి చూసుకోవాలి.

సోదరులారా! మన ఇళ్లలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న పిల్లలు ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది తమ వంశంలోనే మొదటిసారి డిగ్రీ గడప తొక్కినవారు. పరీక్షలు దగ్గరపడగానే ఇంట్లో ఒకే ప్రశ్న: తరువాత ఏమిటి? మేనమామ ఒక మాట చెబుతాడు, పక్కింటివారు ఒక మాట చెబుతారు, గల్ఫ్ నుండి సెలవుకు వచ్చిన బంధువు మరొక మాట చెబుతాడు. అందరూ ఆ పిల్లవాని ముందున్న దారిని చూపేవారే. ఇన్నాళ్లు నీవు చేసిన పనులేమిటి, వాటిలో నీకు తెలిసివచ్చినదేమిటి అని అడిగేవారు అరుదు.

అసర్ నమాజు తరువాత యువకులు నా వద్దకు వచ్చి, ఇమామ్ సాబ్, నేనేం చేయాలి అని అడుగుతుంటారు. నేను, ఇంతవరకు ఏం చేశావు అని తిరిగి అడుగుతాను. దాదాపు అందరి జవాబు ఒక్కటే: ఏమీ చేయలేదండీ, చదువుకొంటున్నాను. అలా అన్నవారిలో ఒక యువకుని గురించి అతని అనుమతితోనే చెబుతున్నాను. అతడు బి.కాం. చివరి సంవత్సరం విద్యార్థి. తండ్రికి జాతీయ రహదారి పక్కన టైర్ల షాపు ఉన్నది. తొమ్మిదవ తరగతి నుండి ప్రతి సాయంత్రం, ప్రతి సెలవు రోజు అతడు ఆ షాపులోనే ఉన్నాడు. కళాశాల నియమం ప్రకారం ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర రెండు నెలలు ఇంటర్న్‌షిప్ కూడా చేశాడు. ఆరేళ్లకు పైగా చెమటోడ్చిన ఆ యువకుడు ఏమీ చేయలేదన్నాడు! జీతం చీటీ లేదు కనుక అది పని కాదనుకొన్నాడు. గొర్రెలు కాయడాన్ని మూసా (అ) పని కాదనుకోలేదు. ప్రతి ప్రవక్తా గొర్రెలు కాచినవారేనని, తాను కూడా కొద్దిపాటి కూలికి మక్కావాసుల గొర్రెలు కాచానని మన ప్రవక్త (స) స్వయంగా చెప్పిన విషయం సహీహ్ బుఖారీలో ఉన్నది. ప్రవక్తలు దాచుకోని అనుభవాన్ని మనం ఎందుకు దాచుకోవాలి?

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుండి డిగ్రీ విద్యార్థులకు పది నెలల ఇంటర్న్‌షిప్‌ను పాఠ్యప్రణాళికలో భాగం చేశారు. మొదటి సంవత్సరం తరువాత రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండవ సంవత్సరం తరువాత మరో రెండు నెలలు, చివరికి ఒక పూర్తి సెమిస్టర్ పని అనుభవం. పుస్తకంలో చదివినదానిని విద్యార్థి చేతితో చేసి చూడాలన్నది దీని ఉద్దేశం. కాని కొందరు డబ్బు చెల్లించి, ఒక్కరోజు కూడా పనికి వెళ్ళకుండానే ధ్రువపత్రం తెచ్చుకొంటున్నారు. వేరొకరి నివేదికపై తమ పేరు వ్రాసుకొంటున్నారు. ఇది అబద్ధపు సాక్ష్యం. అబద్ధపు సాక్ష్యాన్ని దైవప్రవక్త (స) మహాపాపాలలో లెక్కించారు. వ్రాసిచ్చినవాడూ, తీసుకొన్నవాడూ ఇద్దరూ జవాబుదారులే. ఈ పాపానికి తోడు ఇహలోక నష్టం కూడా ఉన్నది. రేపు ముందుదారి ఎంచుకొనే వేళ ఆ విద్యార్థి తన చేతిలోకి చూసుకొంటే అక్కడ కాగితం ఉంటుంది గాని కర్ర ఉండదు.

విశ్వాసులారా! సూరా హష్ర్ 18వ ఆయత్‌లో, ప్రతి వ్యక్తి రేపటి కోసం తాను ఏమి పంపుకొన్నాడో చూసుకోవాలని అల్లాహ్ ఆదేశించాడు. ఆ రేపు ప్రళయదినమే. మన లెక్క తీసుకొనక ముందే మన లెక్క మనమే చూసుకోవాలని హజ్రత్ ఉమర్ (రజి) బోధించారు. దీనినే ముహాసబా, ఆత్మపరిశీలన అంటాము. పరలోకం కోసం ఈ అలవాటు చేసుకొన్న మనిషికి ఇహలోకపు దారి ఎంచుకోవడంలోనూ అది దీపమవుతుంది. గడచిన పనిని ఎలా పరిశీలించుకోవాలో ఖుర్ఆన్, సీరత్‌ల వెలుగులో నాలుగు ప్రశ్నలుగా చెబుతాను.

మొదటి ప్రశ్న: నేను నిజంగా ఏమేమి చేశాను? మూసా (అ) చెప్పినట్టు విడివిడిగా చెప్పుకోవాలి. షాపులో కూర్చున్నాను అనేది జవాబు కాదు. ఆ యువకుణ్ణి ఒక నోటుపుస్తకం తీసుకొని వ్రాయమన్నాను. మొదటి రోజు మూడు పంక్తులు వ్రాశాడు. వారం తరువాత రెండు పేజీలు తెచ్చాడు. పాత టైరు అరుగుదల చూసి అది ఎంతకాలం నడుస్తుందో అంచనా వేయగలడు. వేర్వేరు రాష్ట్రాల లారీ డ్రైవర్లతో ఉర్దూలో, హిందీలో, తెలుగులో బేరం మాట్లాడగలడు. అరువు ఖాతా పుస్తకం నాలుగేళ్లుగా అతనే వ్రాస్తున్నాడు. ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర చిన్న వ్యాపారుల బిల్లులు సరిచూసి జీఎస్టీ రిటర్నులకు లెక్కలు సిద్ధం చేశాడు. ఏమీ చేయలేదన్న మనిషి చేతిలో ఇంత ఉన్నది! ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు. అల్లాహ్ ఇచ్చిన అనుగ్రహాన్ని గుర్తించడం షుక్ర్‌లో మొదటి మెట్టు.

రెండవ ప్రశ్న: ఏ పనిలో నాకు బలమున్నది, ఏ పనిలో నేను నమ్మకం నిలుపుకొన్నాను? సూరా ఖసస్‌లో మద్‌యన్ నీటిరేవు వృత్తాంతం చదవండి. ఆకలితో, అలసటతో, పరాయి దేశంలో ఉన్న మూసా (అ) ఇద్దరు యువతుల పశువులకు నీళ్లు పెట్టారు. వారిలో ఒక యువతి తన తండ్రికి ఆయనను పనిలో పెట్టుకోమని సలహా ఇచ్చింది. పనికి పెట్టుకోదగిన ఉత్తముడు బలవంతుడు, విశ్వసనీయుడు అని కారణం చెప్పింది. ఖవీ, అమీన్ అన్న ఈ రెండు మాటలు ఏ ఉద్యోగానికైనా కొలబద్దలు. బలమంటే కండబలం ఒక్కటే కాదు. ఆ పనికి కావలసిన నేర్పు కూడా బలమే, మనం హునర్ అనేది దానినే. యజమాని లేనప్పుడు కూడా గల్లాపెట్టె లెక్క తప్పకపోవడం, చెప్పిన వేళకు రావడం, కస్టమర్ రహస్యాన్ని బయట చెప్పకపోవడం అమానత్. కొందరికి నేర్పు ఉంటుంది, నమ్మకం ఉండదు. కొందరు నమ్మకస్తులే గాని నేర్చుకోవడానికి శ్రమపడరు. ఈ రెండింటిలో తనకు ఏది కొరవడిందో చూసుకొన్నవాడికి రాబోయే సంవత్సరం ఏమి నేర్చుకోవాలో తెలిసిపోతుంది.

మూడవ ప్రశ్న: నాకు తగనిది ఏది? ఇది కష్టమైన ప్రశ్న. హజ్రత్ అబూజర్ గిఫారీ (రజి) ఎంతటి సత్యసంధులో మీకు తెలుసు. ఆయన ఒక అధికార పదవి కోరినప్పుడు, దైవప్రవక్త (స) ప్రేమతో ఆయన భుజం తట్టి, ఆయన ఆ బాధ్యతకు బలహీనులని, పదవి ఒక అమానత్ అని, దాని హక్కు నెరవేర్చనివారికి ప్రళయదినాన అది అవమానమని హెచ్చరించారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. దీనివలన అబూజర్ (రజి) స్థాయి ఏమైనా తగ్గిందా? తగ్గలేదు. ఒక పనికి తగకపోవడం మనిషిలోని లోపం కాదు. తగని పనిని పట్టుకొని వేలాడడమే నష్టం. మన యువకుడు కూడా వ్రాసుకొన్నాడు: కొత్తవారి దగ్గరకు వెళ్ళి వస్తువు కొనమని ఒప్పించడం తనకు భారమని, లెక్కలో తేడా వస్తే అది దొరికేవరకు గంటలు గడిచినా తెలియదని. అంతకు ముందు అతడు సేల్స్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టబోతున్నాడు! ఎవరో చెప్పినందుకు వెళ్ళబోయిన దారి నుండి తన అనుభవమే అతణ్ణి ఆపింది.

నాలుగవ ప్రశ్న: ఆ పని నా దీన్‌ను ఏమి చేసింది? ఆ రెండు నెలలలో నా నమాజులు నిలిచాయా? తూకంలో, బిల్లులో, మాటలో నిజం నిలిచిందా? వడ్డీ లెక్కలు, దొంగ బిల్లులు నా చేతితో వ్రాయవలసి వచ్చిందా? తమకు కొలిచి తీసుకొనేటప్పుడు నిండుగా తీసుకొని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం తప్పదని ఖుర్ఆన్ హెచ్చరించింది. మన ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) కూఫా పట్టణంలో పట్టువస్త్రాల వర్తకులు. లోపమున్న వస్త్రం ఒకటి పంపుతూ, ఆ లోపాన్ని కొనేవారికి చెప్పమని ఆయన తన భాగస్వామికి చెప్పారు. భాగస్వామి మరచిపోయి అమ్మివేశాడు, కొన్నవాడెవరో తెలియలేదు. ఇమామ్ ఆ సొమ్మంతా దానం చేసివేశారు. అంగడిలో నిలబడి నేర్చిన ఈ జాగ్రత్త ఆయన ఫిఖ్‌హ్‌కు కూడా బలమిచ్చిందని పండితులంటారు. జీతం ఎంతైనా, మనసు కలతపడిన చోటును గుర్తుపెట్టుకోండి. ఆ కలత అల్లాహ్ మీకు ఇచ్చిన సూచన కావచ్చు.

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు ఒంటరిగా వ్రాసుకొంటే చాలదు. సాక్షిని అడగాలి. దైవప్రవక్త (స) ఇరవై అయిదేళ్ల ప్రాయంలో హజ్రత్ ఖదీజా (రజి) వర్తక సరుకుతో షామ్ దేశానికి వెళ్ళినప్పుడు, ఆమె సేవకుడు మైసరా వెంట ఉన్నాడు. ప్రయాణంలో తాను కళ్లారా చూసిన నడవడిని అతడు తిరిగివచ్చి ఆమెకు వివరించాడు. మీతో పనిచేసినవారే మీ మైసరాలు. యజమానిని, తోటి పనివారిని అడగండి: నాలో మీకు నచ్చినదేమిటి, నేను సరిదిద్దుకోవలసినదేమిటి? వారు చెప్పే కటువైన మాట కూడా మీకు కానుకే.

సోదరులారా! పరిశీలన పూర్తయ్యాక ప్రణాళిక. మదీనాకు వలస వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) చేతిలో ఆస్తి లేదు. అన్సారీ సోదరుడైన సఅద్ బిన్ రబీ (రజి) తన సంపదలో సగం ఇస్తానన్నారు. ఆయన ఆ సోదరుని కోసం దుఆ చేసి, బజారుకు దారి చూపమని మాత్రమే కోరారు. వెన్న, పెరుగుగడ్డలతో వ్యాపారం మొదలుపెట్టారు. మక్కాలో సంపద పోయింది గాని, అక్కడ గడించిన తజుర్బా ఆయన వెంటే వచ్చింది. తన చేతిలో ఏమున్నదో తెలిసినవాడు ఏమి అడగాలో కూడా తెలుసుకొంటాడు.

అందుకని మీ జాబితా ముందు పెట్టుకొని బజారును విచారించండి. మన యువకుడు అలాగే విచారించాడు. వాణిజ్య డిగ్రీలో 55 శాతం మార్కులున్నవారు ఫౌండేషన్ పరీక్ష లేకుండానే చార్టర్డ్ అకౌంటెన్సీ ఇంటర్మీడియట్‌కు నమోదు కావచ్చునని, 2023 నుండి వచ్చిన కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్ రెండేళ్లకు తగ్గిందని, ఆ కాలంలో స్టైపెండ్ కూడా ఉంటుందని తెలుసుకొన్నాడు. అది కుదరకపోతే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం ఉన్నది. డిగ్రీ పూర్తి చేసినవారికి స్టైపెండ్‌తో, సాధారణంగా ఏడాదిపాటు, సంస్థలలో శిక్షణ ఇస్తారు. బోధనలో ఆనందం కనుగొన్నవారికి ఎడ్‌సెట్ ద్వారా బి.ఎడ్. దారి, యాజమాన్యం వైపు మొగ్గినవారికి ఐసెట్ దారి ఉన్నాయి. దారులు చాలా ఉన్నాయి. వాటిలో మీది ఏదో మీ చేతిలోని కర్ర చెప్పాలి.

గల్ఫ్‌కు వెళ్ళడం తప్పు కాదు. అక్కడి సంపాదనతో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది, ఎందరో ఆడపిల్లల పెళ్లిళ్లు జరిగాయి. కాని బి.కాం. చదివి లెక్కలలో నేర్పున్న బిడ్డను తొందరపడి హెల్పర్ వీసాపై పంపే ముందు ఆలోచించండి. పంపేటట్లయితే 1983 వలస చట్టం కింద నమోదైన ఏజెంటు ద్వారానే పంపండి. ఆ ఏజెంటు సేవా రుసుముగా ముప్పై వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. అంతకు మించి అడిగితే అనుమానించండి. వడ్డీకి అప్పుచేసి పంపి, బిడ్డ మొదటి రెండేళ్ల కష్టాన్ని వడ్డీకి ధారపోయకండి.

ప్రణాళికకు గడువు కూడా ఉండాలి. మద్‌యన్ పెద్దమనిషి మూసా (అ)తో ఎనిమిదేళ్లు పనిచేయాలని, పది పూర్తి చేస్తే అది ఆయన ఇష్టమని గడువు నిర్ణయించారు. ఆ గడువు పూర్తి చేసిన తరువాతనే మూసా (అ) బయలుదేరారు. ఈ ఏడాది ఇది నేర్చుకొంటాను, రెండవ ఏడాది చివర మళ్లీ లెక్క చూసుకొంటాను అని వ్రాసుకోండి. నెల తిరగకముందే ఉద్యోగం మార్చేవాని చేతిలో అనుభవం నిలవదు.

ఇక తల్లిదండ్రులారా! ఆ పెద్దమనిషి తన కుమార్తె మాట విన్నాడు. ఆమె కళ్లతో చూసి, కారణంతో చెప్పింది. ఆయన కాదనలేదు. మన ఆడపిల్లలూ ఈనాడు డిగ్రీలు చదువుతున్నారు, ఇంటర్న్‌షిప్‌లు చేస్తున్నారు. వారి అనుభవాన్నీ అడిగి తెలుసుకోండి. షాపులు, కార్ఖానాలు నడిపే సోదరులారా! మీ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లవానికి టీ తెప్పించే పని మాత్రమే ఇచ్చి పంపకండి. పని నేర్పండి, చెమట ఆరకముందే కూలి ఇవ్వండి, నిజమైన సాక్ష్యపత్రం వ్రాసివ్వండి.

అల్లాహ్ నన్నూ మిమ్మల్నీ మన్నించుగాక. ఆయననే క్షమాభిక్ష వేడుకోండి, నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

స్తోత్రమంతా అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై సలాతు, సలాములు.

సోదరులారా! పరిశీలన, విచారణ, ప్రణాళిక ఇవన్నీ మన వంతు ప్రయత్నాలు. వాటి తరువాత మూడు మెట్లున్నాయి. మొదటిది మష్వరా. వ్యవహారాలను సంప్రదింపులతో నడుపుకొనేవారిని సూరా షూరాలో అల్లాహ్ ప్రశంసించాడు. మీరు ఎంచుకొన్న రంగంలో పనిచేస్తున్నవారిని కనీసం ఇద్దరినైనా సంప్రదించండి. రెండవది ఇస్తిఖారా. దైవప్రవక్త (స) తమకు ఖుర్ఆన్ సూరాను నేర్పినంత శ్రద్ధగా ఇస్తిఖారా దుఆ నేర్పేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి, ఈ పని నా ధర్మానికి, నా జీవనానికి, నా పరిణామానికి మేలైతే దానిని సులభతరం చేయమని, కీడైతే నన్ను దాని నుండి మరలించమని వేడుకోవాలి. ఇస్తిఖారా అంటే కలలో జవాబు కోసం ఎదురుచూడడం కాదు. విచారించి, నిర్ణయాన్ని అల్లాహ్‌కు అప్పగించడం. మూడవది తవక్కుల్. ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్‌పై నమ్మకముంచమన్నది మన ప్రవక్త (స) శిక్షణ.

ఆ టైర్ల షాపు యువకుడు ఇప్పుడు చార్టర్డ్ అకౌంటెన్సీ పుస్తకాలు తెచ్చుకొన్నాడు. సాయంత్రాలు ఇంకా షాపులోనే ఉంటున్నాడు. అతడు గెలుస్తాడా లేదా అన్నది అల్లాహ్‌కే తెలుసు. తండ్రి మాత్రం ఒక మాట అన్నాడు: ఇన్నాళ్లు వీడు నాకు సాయం చేస్తున్నాడనుకొన్నాను, వీడు చదువుకొంటున్నాడని ఇప్పుడు తెలిసింది.

ఈ రోజు ఇళ్లకు వెళ్ళిన తరువాత మీ పిల్లలకు ఒక నోటుపుస్తకం ఇవ్వండి. వచ్చే జుమాలోపు నాలుగు ప్రశ్నలకు జవాబులు వ్రాయమనండి. వారు వ్రాసినది మీరు కూర్చుని వినండి. సలహా కావలసినవారు అసర్ తరువాత మసీదులో కలవవచ్చును.

ఓ అల్లాహ్! మా యువతకు హలాల్ ఉపాధిని, మేలైన విద్యను, నీకు నచ్చే పనిని ప్రసాదించు. వారి బాహువులకు బలాన్ని, హృదయాలకు అమానత్‌ను ఇవ్వు. తగని దారుల నుండి వారిని మరలించు. తల్లిదండ్రులకు వినే ఓపికను, యజమానులకు న్యాయబుద్ధిని దయచేయి. వడ్డీ నుండి, మోసం నుండి, అబద్ధపు సాక్ష్యం నుండి మమ్మల్ని కాపాడు. అప్పులలో ఉన్నవారి అప్పులు తీర్చు. పరదేశాలలో ఉన్న మా బిడ్డలను నీ రక్షణలో ఉంచు. రేపు నీ సన్నిధిలో మా చేతులలో ఏముందో చూపవలసిన దినాన మమ్మల్ని సిగ్గుపడనీయకు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.